పగులు ఎంత నడిచింది?

మా నతానియేలు తాత గుంటూరు మిర్చి యార్డు ఎదుట లారీలకు ముందద్దాలు బిగిస్తాడు. నలభై ఏళ్ల నుంచీ అదే పని. ఏడో తరగతిలో బడి మానేశానని నన్ను మొద్దంటాడు. ఆయన చదివింది మూడు.

రాయి తగిలి అద్దం పగిలితే తాత వెంటనే మార్చమనడు. ఎండ మెరుపులో కళ్లను నమ్మకూడదంటూ, పగులు కొసను బొటనవేలి గోరుతో తడిమి పట్టుకుంటాడు. అక్కడ మార్కరుతో గీత పెట్టి, లారీని మూడు గంటలు ఎండలో ఉంచుతాడు. తర్వాత మళ్లీ తడిమి, కొస ఎంత జరిగిందో స్కేలుతో కొలుస్తాడు. రెండు మిల్లీమీటర్ల లోపైతే బండి వెళ్లొచ్చు. మించితే అద్దం మార్చాల్సిందే. డ్రైవర్లకు ఆయన మాటే సర్టిఫికెట్టు.

మొన్న ఏప్రిల్లో అన్వర్ మిర్చి లోడుతో నాగపూర్ బయలుదేరుతూ వచ్చాడు. పొద్దున పెట్టిన గీత దగ్గర తాత మధ్యాహ్నం గోరు ఆనించాడు.

"కదల్లేదు. వెళ్లిరా."

"నువ్వంటే చాలు పెద్దాయనా," అని అన్వర్ లారీ ఎక్కాడు.

నేను స్టూలెక్కి చూశాను. గీత దాటి బెత్తెడు పోయింది పగులు, వెంట్రుకంత సన్నంగా.

"తాతా, నీ గీత ఇక్కడ, పగులు అక్కడ."

"నోర్ముయ్యవే. గోరుకు తగల్లేదు."

"తగిలింది. నీకే తెలీలేదు. మొన్న పొగలు కక్కే టీ గ్లాసు అట్టే పట్టుకుంటే, మా తాత మహావీరుడనుకున్నా."

నేను చూపించిన చోట గోరుతో గీశాడు. మళ్లీ గీశాడు. ముఖంలో ఏమీ లేదు.

"వేళ్లకు స్పర్శ పోయి ఎన్నాళ్లయింది తాతా?"

"క్రిస్మస్ నుంచీ," అన్నాడు, పక్కింటోళ్ల సంగతి చెప్పినట్టు. తర్వాత కేబిన్ వైపు తలెత్తాడు. "అన్వరూ, దిగు. బెత్తెడు నడిచింది. పక్క కొట్లో అద్దం మార్పించుకో."

"నువ్వు బిగించవా?"

"కొస పట్టలేనోడికి అద్దమెందుకిస్తావయ్యా."

అన్వర్ వెళ్లిపోయాడు. తాత బెంచీ మీద కూర్చుని, చేతులు ఎవరివో అన్నట్టు ఒళ్లో పెట్టుకున్నాడు.

పక్కన కూర్చుని ఆయన వేళ్ల కొసలు ఒక్కొక్కటే నా గోటితో నొక్కాను. కుడి చేతి అయిదూ అయ్యాయి. "తెలుస్తుందా?" అంటే "లేదు." ఎడమ చేతిలో నాలుగు వేళ్లకూ అదే జవాబు. చిటికెన వేలు నొక్కగానే చెయ్యి లాక్కున్నాడు.

"రక్తం కళ్లజూస్తావా ఏందే, దెయ్యమా!"

"ఇంకోసారి," అన్నాను.

కాసేపు నా గోరు వంక చూసి, చెయ్యి మళ్లీ ఇచ్చాడు.