ఎవరి కొలతకూ రాని కారు

డెల్మర్ టిబెట్స్‌కి మతి పోతోంది. బేకర్స్‌ఫీల్డ్‌లో పాత కార్లు విప్పి, కోసి, అతికే ముసలాళ్ళలో అతనంత నిదానస్తుడు ఇంకొకడు లేడు. బోల్టు బిగించే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీసే రకం. అలాంటి మనిషి షెడ్డు మధ్యలో నిలబడి, పోయిన స్నేహితుణ్ణి పేరు పెట్టి మరీ తిట్టుకుంటున్నాడు.

ఆ స్నేహితుడు లాయిడ్ ప్రూయిట్. కుర్రతనం నుంచీ ఇద్దరిదీ ఒకటే పిచ్చి, హాట్ రాడ్లు, అంటే పాత కార్లని మార్చి చేసే పరుగు బళ్ళు. తాతలనాటి ఫోర్డు డొక్కు ఒకటి దొరికితే చాలు, మడ్‌గార్డులు పీకేసి, ముందు ఇరుసు వంచి, ఎదుటి అద్దం కురచ చేసి, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు ఆ రోజుల్లో ఎలా తయారుచేసుకునేవారో అచ్చం అలాగే చెయ్యాలి. కొత్త సామాను తగిలిస్తే పరువు పోయినట్టే. లాయిడ్ తన ఆఖరి కారు సగంలో ఉండగా గుండె ఆగి పోయాడు. అతని భార్య ఆర్డిత్ ఆ డొక్కునీ, డబ్బాల్లో సామాన్నీ డెల్మర్ షెడ్డుకి పంపించి ఒక్కటే కోరింది. లాయిడ్ ఎలా అనుకున్నాడో అలాగే పూర్తి చెయ్యాలి, వసంతంలో ఎండిన సరస్సు మీద జరిగే కార్ల పందేల్లో అది నడవాలి. డెల్మర్ మాటిచ్చాడు.

ఇప్పుడా మాటే అతని మెడకి చుట్టుకుంది. అసలు లాయిడ్ ఏమనుకున్నాడో తెలిస్తే కదా! పెడళ్ళ కాడలు కోసి, మధ్యలో ముక్కలు అతికి, సీటు వైపుకి పొడిగించాడు. స్టీరింగ్ గొట్టం కిందికి దించాడు. సీటు ముందుకి జరిపాడు. అద్దం కమ్మీల్ని అందరూ కాస్త కోస్తారు, ఇతను మరీ తెగ్గోశాడు. డెల్మర్ ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగ్‌కి కొట్టుకుంటున్నాయి, అద్దం పై అంచు సరిగ్గా కళ్ళకి అడ్డొస్తోంది. లాయిడ్ అతనికంటే పొడుగు. మరి ఎవరికోసం ఈ తద్దినం?

కాఫీ కొట్టులో ఈ సంగతి చెప్పి తప్పు చేశాడు. "ఆఖర్లో లాయిడ్ టేపుని తలకిందులుగా చదివేవాడేమోరా," అన్నాడు అక్కడి నేస్తం హార్లన్. అందరితోపాటు డెల్మర్ కూడా నవ్వాడు గానీ, ఇంటికొచ్చేదాకా ఆ మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది. లాయిడ్‌కి నిజంగానే బుర్ర చెడిందేమో! ఆ సంగతి ఆర్డిత్‌కి తెలిస్తే ఏమైపోతుంది? తప్పులన్నీ గుట్టుగా సరిచేసేస్తే సరి అనుకున్నాడు. పెడళ్ళకి అతికిన ముక్కలు కోసేసి, పాత పొడవుకి తెచ్చి, రంగు వేసేశాడు.

ఇక మిగిలింది అద్దం. రెంచి పట్టుకుని దగ్గరికి వెళ్ళి కమ్మీల మీద వేలు పెట్టి చూశాడు. అతుకు ఎక్కడుందో దొరకలేదు. అంత నున్నగా ఆకురాయి పట్టాడు లాయిడ్. బుర్ర చెడినవాడి చెయ్యి ఇలా ఉండదే! కానీ చెడకపోతే ఈ కొలతలేమిటి? డెల్మర్ రెంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళ స్నేహితుడు ఏమీ అర్థం కాని మనిషిలా మిగిలిపోతాడేమోనని అతనికి భయమేసింది.

ఆ సమయంలోనే ఆర్డిత్ ఆప్రికాట్ పళ్ళ కూరు పెట్టి కాల్చిన పై ఒకటి పట్టుకుని వచ్చింది. షెడ్డులో ఆవిడ కూర్చునే జాగా లేదు. అలవాటు కొద్దీ కారుకి కుడివైపు, నడిపేవాడి పక్క సీటు దగ్గరికి వెళ్ళింది గానీ, అక్కడంతా సామాను. ఇటు తిరిగొచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది. ఊరికే చేతులు దాని మీద వేసింది. పొట్టి మనిషే అయినా మోచేతులు హాయిగా వంగాయి. కళ్ళు సరిగ్గా అద్దం నడిమికి వచ్చాయి.

"ఇక్కణ్ణుంచి అంతా భలే కనిపిస్తోందే," అంది. తర్వాత కాలు చాపి కిందికి చూసింది. "పెడలే అందట్లేదు, డెల్. లాయిడ్ కొలతలు ఎప్పుడూ తప్పవే, ఇదేంటిలా చేశాడు?"

డెల్మర్ రెంచి కింద పెట్టేశాడు. ఏ ఏడు సరస్సుకి వెళ్ళినా, ఆవిడ పని మగాళ్ళిద్దరి టోపీలూ పట్టుకుని ఎండలో నిలబడటం. ఎప్పుడో ఒకసారి, నేనూ నడుపుతానని అడిగింది. లాయిడ్ నవ్వాడు. డెల్మర్ ఇంకా గట్టిగా నవ్వాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఆ నవ్వు తలుచుకుంటే అతనికి ఇప్పుడు సిగ్గేసింది.

"లాయిడ్ సరిగ్గానే చేశాడు. చెడగొట్టింది నేను," అన్నాడు. "దిగకు. కాలు అలాగే ఉంచు."

టేపు తీసి, మోకాళ్ళ మీద కూలబడి, ఆవిడ బూటు నుంచి పెడల్‌కి ఎంత దూరముందో చూడసాగాడు.

"నా కాలుకి కొలతెందుకు? నేను నడపనుగా," అంది ఆర్డిత్, ఏమీ పాలుపోక.

అతను తలెత్తలేదు. "ఈసారి టోపీలు నేను పట్టుకుంటాలే."

ఆర్డిత్ చేతులు మళ్ళీ స్టీరింగ్ మీదికి వెళ్ళాయి. కాలు, అతను చెప్పినట్టే, చాపే ఉంచింది.