ఇంజనీరు తరఫున కటింగ్ మాస్టారు

కటింగ్ మాస్టారిని కుట్టుగదిలో ఆడవాళ్ళు తాళంకప్ప అనేవారు. ఎదుట కాదు, చాటున. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి కూడా నోరు విప్పకపోయేసరికి ఆ పేరే స్థిరపడిపోయింది. పొద్దున్నే వచ్చి, బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీతలు గీసుకుంటూ పోతే సాయంత్రం దాకా ఆయన దగ్గర్నుంచి వచ్చే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మనిషికి పొగరని కొందరు, పుట్టుకే అంతని కొందరు అనుకునేవారు. అసలు జబ్బు సిగ్గు. నలభై దాటిన మగవాడికి సిగ్గంటే నమ్మేదెవరు? అందుకని పొగరే ఖాయమైంది.

ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. భోజనాలయ్యాక ఒకామె తన పని పక్కన పెట్టి నవల చదివేది. ఆమె వాటా కుట్టు మిగతావాళ్ళు తలా కాస్త పంచుకునేవారు. మంచి గొంతు కావడంతో ఆమె గొంతక్క అయింది. అప్పుడు నడుస్తున్నది వాళ్ళ అమ్మలు కూడా కళ్ళు తుడుచుకుంటూ చదివిన పాత ప్రేమకథ. వంతెన కట్టడానికి ఒక ఇంజనీరు వస్తాడు. ఆయన అద్దెకు దిగిన ఇంటివారి అమ్మాయి ఆయన్ని ఇష్టపడుతుంది. ఆయన మాత్రం ఒక్క ముక్క మాట్లాడడు. వంతెన పూర్తి కాగానే పెట్టె సర్దుకుని రైలెక్కుతాడు. కథంతా ఆ పిల్ల మనసులోంచే నడుస్తుంది కనుక వినేవాళ్ళకు ఇంజనీరు మీద పళ్ళు నూరడమే పని.

అందరికన్నా ఎక్కువ నూరేది కాజాలావిడ. చొక్కాలకు గుండీలు పట్టే కాజాలు చేత్తో కుట్టేది కనుక ఆ పేరు. తమ్ముళ్ళను పెంచి ఒడ్డున వేసేసరికి ఆమె పెళ్ళి మాట అందరూ మరిచిపోయారు, ముందుగా ఆ తమ్ముళ్ళే. ఇంజనీరు ప్రస్తావన వస్తే చాలు, సూది గుడ్డలోకి కసిగా దిగేది. అది దిగిన ప్రతిసారీ కటింగ్ బల్ల దగ్గర మాస్టారికి కలుక్కుమనేది. ఎందుకో ఆ గదిలో ఏ ఒక్కరూ ఊహించలేదు.

ఆ రోజు ఆమెకు అక్కడ ఆఖరి రోజు. పెద్ద తమ్ముడు కారులో వచ్చి తన ఊరికి తీసుకుపోతానన్నాడు. వాళ్ళ ఇంట్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఉద్యోగస్థులు, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఆమె సరేనంది. వెళ్తే ఇక తిరిగి రావడమంటూ ఉండదు. మాస్టారు ఒక మాటను వారం రోజులుగా నోట్లో నానబెడుతున్నాడు. అది ఎంతకీ బయటికి రావడం లేదు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే గొంతక్క గొంతు బొంగురుపోయింది. పుస్తకం తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. చదివేవాళ్ళు లేక అందరూ తీరిగ్గా ఇంజనీరును తిట్టడం మొదలుపెట్టారు. వాడిది రాతిగుండె అని ఎవరో అన్నారు.

కాజాలావిడ దారం పళ్ళతో తెంపుతూ, "గుండె లేకేం, ఉండే ఉంటుంది. చొక్కాలతో పాటు దాన్నీ మడతపెట్టి తీసుకుపోయాడు," అంది.

"అది కాదు," అన్నాడు మాస్టారు.

అన్నాక ఆయనే అదిరిపడ్డాడు. ఇస్త్రీ చేసే ఆమెను అందరూ వదిన అనేవారు; ఆమె ఇస్త్రీపెట్టె పైకెత్తి పట్టుకుని, ఏది కాదని అడిగింది. ఇంజనీరు వైపు నుంచి ఎవరూ చెప్పలేదు కదా అని నసిగాడు మాస్టారు. అయితే మీరే చెప్పండి, గొంతక్కకు ఎలాగూ సెలవేగా అంది వదిన.

మెట్లు దిగి పారిపోదామనిపించింది. అయినా తల వంచుకుని మొదలుపెట్టాడు. మిషన్ల చప్పుడులో సగం మాటలు కొట్టుకుపోతాయన్నదే ఆయన ధైర్యం. ఇంజనీరు మొదటి రోజే ఆ పిల్ల మీద మనసు పడ్డాడట. ఆ పిల్ల ఎదురుపడని వేళ చూసి మెట్లు దిగాలనుకుని, తీరా ఆమె ఉన్న వేళకే దిగేవాడట. ఆమె ఏదైనా అడిగితే మంచి జవాబు వెతికేలోపు ఆమె వెళ్ళిపోయేదట. ఆ జవాబును గదిలోకి పోయి గోడకు చెప్పుకునేవాడట.

గదంతా నవ్వింది. తరవాత నవ్వులు తగ్గాయి. ఒక మిషను ఆగింది. దాని పక్కది ఆగింది. దాక్కోవడానికి చప్పుడు తరిగిపోతున్న కొద్దీ మాస్టారు గీసిన గీతే మళ్ళీ గీస్తూ పోయాడు. చెప్పడం మాత్రం ఆపలేకపోయాడు.

"ఆవిడ నడిచి వెళ్తుంటే వెనకనుంచి చూసేవాడు. ఎడమ భుజం అర అంగుళం కిందికి ఉంటుంది. అది కనపడకుండా అటువైపు లోపల చిన్న దూది పట్టీ వేస్తే..."

"వంతెనలు కట్టేవాడికి భుజాల కొలతలెందుకు, మాస్టారూ?" అంది వదిన నెమ్మదిగా.

ఆ గదిలో అందరూ వేసుకునే పని కోట్లు మాస్టారు కత్తిరించినవే. వాటిలో ఎడమ భుజానికి పట్టీ ఉన్నది ఒక్కటేనని వాటిని కుట్టినవాళ్ళకు తెలుసు. తలలన్నీ అటు తిరిగాయి. కాజాలావిడ తన భుజం మీద చెయ్యి వేసుకుంది. అందులో పట్టీ ఉందని ఆమెకు ఆ క్షణం దాకా తెలియదు. ఆఖరి మిషను కూడా ఆగిపోయింది.

కింద వీధిలో కారు హారన్ మోగింది.

"తరవాత?" అంది కాజాలావిడ.

"తరవాత... రైలెక్కాడు. పుస్తకంలో అంతే ఉంది."

"పుస్తకం నాకు కంఠతా వచ్చు. నేనడుగుతున్నది మిమ్మల్ని."

హారన్ మళ్ళీ మోగింది, ఈసారి విసుగ్గా. ఆమె చేతిలో చొక్కాను మడిచి, సంచి తీసి భుజాన వేసుకుంది. తలుపు దాకా వెళ్ళింది.

"పోవద్దండి," అన్నాడు మాస్టారు. మాట పెళుసుగా వచ్చింది. "మీకు ఇష్టమైతే నన్ను చేసుకోండి."

ఆమె వెనక్కి తిరగలేదు. ఆ కాస్సేపు మాస్టారికి ఆమె వీపు తప్ప ఏమీ కనిపించలేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"ఈ ముక్కకు ఇన్నేళ్ళు పట్టిందా?" అందామె తలుపుతో చెబుతున్నట్టు.

"గోడకు చాలాసార్లు చెప్పానండి."

ఆమె భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి నడిచి కిందికి వంగింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆ హారన్ ఆపి పైకి రా. పిల్లలకు వేరే మనిషిని చూసుకోవాలి. బావగారితో కూడా ఒక మాట అనుకుందువు గాని."

మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. వదిన పరుగున వచ్చి మాస్టారి చొక్కా మీది సుద్దపొడి దులుపుతోంది. ఆయన ముఖం పాలిపోయింది.

"మీ తమ్ముడు ఏమైనా అడిగితే ఏం చెప్పాలండీ?" అన్నాడు గుసగుసగా.

"మీ సంగతి చెప్పండి," అంది కాజాలావిడ. "ఇంజనీరు సంగతి మాత్రం ఎత్తకండి."