ఇంటి మాటల ఆల్బం

ఆ ఆల్బం గురించి నేను చెప్పేది ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. అభిమానుల వాట్సాప్ గ్రూపులో రాస్తే నీలం టిక్కులు పడతాయి. వెంటనే ఎవరో గులాబీ పువ్వుతో శుభోదయం పెడతారు. నా మాట పైకి జరిగిపోతుంది.

ఆ గాయకుడు తన పాటలు తానే రాసి, తానే బాణీ కట్టి పాడతారు. భాల్కి వైపు మనిషి. ఇప్పుడు పెద్దవారయ్యారు. బీదర్‌లోని తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఆయన గొంతు ఎరగనివారు లేరు. ఆయన ఆల్బంలన్నీ పుస్తకాల తెలుగులో ఉంటాయి, ఒక్కటి తప్ప. అందులో మనం వంటింట్లో మాట్లాడే మాటలతోనే దేవుణ్ణి పిలిచారు. "దేవా, జర సూడు" అని ఒక పాట మొదలవుతుంది. అభిమానులకు అదే నామోషీ. ఓపిక తగ్గిన రోజుల్లో చేసిందని ఒకరు, తమాషాకు చేసిందని ఇంకొకరు రాశారు. ఎవరేం రాశారో నాకు గుర్తుంది.

వచ్చే నెల ఆయన మా చర్చిలో పాడబోతున్నారు. మళ్ళీ వస్తారన్న నమ్మకం లేదు. పాటలు ఎంచుకోవడానికి గాయకబృందం కూర్చున్నప్పుడు నేనూ వెళ్ళి, ఆ ఒక్క పాట పాడించమన్నాను.

"మళ్ల గదేనా అన్నా?" అన్నాడు బృందం నడిపే తమ్ముడు. "దేవుని ముందల గట్ల మాట్లాడ్తమా?"

"మరి నువ్వెట్ల మాట్లాడ్తవ్?"

"ఊరు మొత్తంల ఆ సీడీ కొన్నది అన్న ఒక్కడే," అంది వెనక కూర్చున్న ఒక అక్క. "గందుకే గంత కోపం." అందరూ నవ్వారు.

చివర్లో ఆ తమ్ముడే ప్రార్థన చేశాడు. అప్పుడు అతని భార్య ఆసుపత్రిలో ఉంది. "మహోన్నతుడవైన తండ్రీ" అని మొదలుపెట్టాడు. ఆ మాటలు వదిలేసి, "దేవా, ఆమెను జర సూడు. మస్తు పరేషాన్ల ఉన్న," అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

అప్పుడు అడగడం మర్యాద కాదని ఊరుకున్నాను. ఆమె కోలుకుని ఇంటికి వచ్చింది. నిన్న ఆ తమ్ముడే మన గ్రూపులో పాటల వరుస పెట్టాడు. ఆ పాట లేదు.

అందుకే ఇదంతా ఇక్కడే రాసి అడుగుతున్నాను. ఆ ప్రార్థన తప్పు కాకపోతే ఆ పాట ఎలా తప్పయింది? శుభోదయాలు వద్దు తమ్మీ. ఈసారి నాకు జవాబు రాయి.