చెరువుకట్ట స్టాపులో నిలవని బస్సు

డెబ్బై ఎనిమిదో సంవత్సరం. తిరుత్తణికి కొంచెం ఎడంగా ఒక చిన్న సర్కారాస్పత్రిలో నేను నర్సును. మంచుకాలంలో మురుగన్ కొండ కనపడేది కాదు, గంట మాత్రం వినపడేది. ఆ పొద్దులు తలుచుకుంటే ఇప్పటికీ సగం నిద్రలో నడుస్తా ఉన్నట్టే ఉంటుంది.

పూంగావనం ఇరుళర్ల మనిషి. పొలాల్లో ఎలకలు పట్టి బతికే ఆ జనం గుడిసెలు మా ఊరికి బయట, ఆస్పత్రికి నాలుగు మైళ్ళ దూరాన, చెరువుకట్ట కింద ఉండేవి. ఆమెకు టీబీ. సోమవారం, గురువారం పన్నెండులోగా ఓపీకి వచ్చి స్ట్రెప్టోమైసిన్ సూది వేసుకోవాల. నడమ ఆపితే జబ్బు మొండికేస్తుంది, మనిషి దక్కదు. మొదటి సోమవారం వచ్చింది. తరవాత వరసగా మూడు సూదులు తప్పింది. నేను కార్డు మీద ఎర్రసిరాతో 'డిఫాల్టర్' అని రాసేసినాను. మందు మధ్యలో వదిలేసినోళ్ళకు మేము పెట్టే పేరు అది. ఊరికే ఇస్తా ఉంటే ఇంకేం కావాల వీళ్ళకు అని డాక్టరు విసుక్కున్నాడు. నేనూ తలూపినాను.

తరవాతి సోమవారం ఒంటిగంటకు, ఓపీ మూసి నేను బయటికి వస్తా ఉంటే, గోడకు ఆనుకొని ఆయాసపడతా పూంగావనం కనపడింది. నా నోరు మంచిది కాదులెండి, బాగా తిట్టినాను. బస్సు నిలవలేదు, నడిచొచ్చినాను అనింది. నా దగ్గరా సాకులు అనుకున్నాను. సూది మాత్రం వేసినాను.

గురువారం పొద్దున్నే ఆ గుడిసెల్లో ఒక బాలింతను చూసి తిరిగొస్తా ఉంటే, స్టాపులో పూంగావనం ఒక్కతే నిలబడి ఉంది. నేను వెనకాల చింతచెట్టు చాటున చెప్పులో ముల్లు తీసుకుంటా ఉన్నాను. మంచులోనుంచి రెండు పసుపు దీపాలు మెల్లగా వచ్చినాయి. బస్సు నిదానించింది. డ్రైవరు ఆమెను చూసినాడు. బస్సు పోయింది. ఆమె అప్పటికే నడక మొదలుపెట్టింది.

"చెయ్యెత్తితే గదా నిలిపేది?" అన్నాను, ఇంకా పొగరు తగ్గక.

"ఎత్తినానమ్మా, చిన్నప్పుడు. మా అమ్మ కూడా ఎత్తింది."

నాకు సిగ్గేసింది. ఆ నాలుగు మైళ్ళూ ఆమెతోనే నడిచినాను. ఆయాసానికి ఆగాగి చేరేసరికి పన్నెండు దాటిపోయింది. తప్పిన మూడుసార్లూ ఆమె వచ్చిందంట. ఓపీ తలుపు మూసి ఉంటే తిరిగి పోయిందంట.

కార్డులో ఆ ఎర్రమాట కొట్టేసి, 'బస్సు నిలవలేదు' అని రాసినాను. డాక్టరు చదివి, "ఏమమ్మా, ఇది కూడా ఒక కారణమా?" అన్నాడు.

"ఇదే సార్ కారణం. మిగతాదానికి మన దగ్గర మందుంది."

అప్పటినుంచి సోమ, గురువారాలు మా ఊరి స్టాపు వదిలిపెట్టి, చెరువుకట్ట దాకా నడిచి, ఆమె పక్కన నిలబడి ఎక్కేదాన్ని. నా తెల్లచీరను చూసి బస్సు ఠక్కున నిలిచేది. ఎలకల వాసన అని మొదట్లో కండక్టరు గొణిగినాడు, నా నోటికి జడిసి మానుకున్నాడు. పోను పోను ఆమె దగ్గు తగ్గింది, చెంపలు నిండినాయి.

ఆ తరవాత నా సర్వీసంతా, మందు తప్పినోళ్ళను ఎందుకు రాలేదని అడగలేదు. యాడనుంచి, ఎట్లా రావాల్సి ఉండిందని అడిగినాను.

ఏడాది తిరిగి మళ్ళీ మంచుకాలం వచ్చింది. ఆఖరి సూదినాడు నేను కావాలనే చింతచెట్టు చాటున ఆగిపోయినాను. పూంగావనం ఒక్కతే చెయ్యెత్తింది. బస్సు నిలిచింది. ఆమె వెంటనే ఎక్కలేదు. ఎవురికోసం నిలిచిందో అని వెనక్కి తిరిగి చూసింది.