ఖాళీగా వెనక్కి పోయిన పళ్లెం

సుల్తానాబాద్‌లో మా వీధికి ఒక పద్ధతి ఉంది. ఇంటికొచ్చిన పళ్లెం ఖాళీగా వెనక్కి పోకూడదు. పక్కింటి నుంచి ఉడకబెట్టిన శనగల గుడాలు వస్తే, అదే పళ్లెంలో మన ఇంటి నుంచి ఏదో ఒకటి పోవాలి. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా సరే. మామూలు రోజుల్లో అది ముచ్చటగానే ఉంటుంది. రంజాన్ నెలలో మాత్రం అదే పెద్ద చాకిరీ అవుతుంది.

ఆ చాకిరీని పెంచింది నేనే. శుక్రవారం మధ్యాహ్నాలు వీధిలోని ఆడవాళ్లు మా ఇంట్లో కూడుతారు. నేను దైవగ్రంథం చదివి అర్థం చెబుతాను. ఉపవాసం ఉన్నవారికి ఇఫ్తార్ తినిపించడం ఎంత పుణ్యమో కొన్నేళ్ల కింద ఒక పాఠంలో బాగా నొక్కి చెప్పాను. ఆ సాయంత్రం నుంచే పళ్లేలు ఎక్కువయ్యాయి. మొన్నటి రంజాన్ నాటికి రోజూ మా ఇంటి నుంచి తొమ్మిది పళ్లేలు పోయేవి, తొమ్మిది వచ్చేవి. సాయంత్రపు అసర్ నమాజు ముగించి పొయ్యి ముందు నిలబడితే, పొద్దుగూకాక మగ్రిబ్ అజాన్ వినబడేదాకా బజ్జీలు, సమోసాలు, పెరుగు వడలు. ఖర్జూరం నోట్లో వేసుకునేసరికి ఒళ్లంతా నూనె వాసన.

ఆ గంటన్నర నిజానికి మా అమ్మది. అమ్మ మా దగ్గరే ఉంటుంది. నాకు అక్షరం మీద వేలు పెట్టించి చదవడం నేర్పింది ఆమే. నీటికాసుల జబ్బుతో ఇప్పుడు ఆమెకు అక్షరాలు కనబడవు. గ్రంథంలో పారాలనే ముప్పై భాగాలనూ రంజాన్‌లో ఒక్కసారి పూర్తిచేయడం ఆమె పెళ్లికి ముందు నుంచీ తప్పని నియమం. చూపు పోయాక నేను పైకి చదువుతాను, ఆమె వింటుంది. అంతకుముందటి ఏడు ఇరవై నాలుగో పారా దగ్గరే ఆగిపోయాం. మొన్నటి రంజాన్‌లో పది రోజులు గడిచినా నాలుగు పారాలు కూడా దాటలేదు.

పదో రోజు సాయంత్రం అమ్మ ఎప్పటిలాగే గ్రంథాన్ని చెక్కపీట మీద తెరిచి పెట్టుకుని కూర్చుంది. నేను మూడో వాయి మిరపకాయలు వేస్తున్నాను.

"బేటీ, వస్తున్నవా?" అని పిలిచింది.

"అమ్మీ, జర ఆగు! నూనె కాగుతుంది!" అని కసిరాను.

"కాగనీ బిడ్డా. నేను ఆగుతనే ఉన్న, పది రోజులాయె."

ఆ మాటలో కోపం లేదు. అందుకే నిలబడలేకపోయాను. గ్రంథంలో ఉపవాసాలను విధించిన చోటే దేవుడు మనకు సులువును కోరాడని ఎన్ని శుక్రవారాలు చెప్పి ఉంటాను! పొయ్యి ఆపాను. ఎదురింటి నుంచి పొద్దున పోలెలతో, అంటే బొబ్బట్లతో, వచ్చిన పళ్లెం కడిగి బోర్లించి ఉంది. దాన్ని తీసుకుని, ఏమీ పెట్టకుండానే వీధి దాటాను.

ఎదురింటామె భర్త మస్కట్‌లో పని చేస్తాడు. ఆమెది మా మతం కాదు, ఉపవాసాలు లేవు, అయినా నన్ను మాలాగే 'ఆపా', అంటే అక్కా, అని పిలుస్తుంది. మా పళ్లేలకు ఏనాడూ బదులు తప్పించలేదు. ఖాళీ పళ్లెం చూసి ఆమె ముఖం చిన్నబోయింది.

"ఏందాపా, కోపమచ్చిందా? నా పోలెలు మాడినయా?"

"లేదు చెల్లె, మస్తున్నయి. మా అమ్మకు చదివి వినిపియ్యాలె. ఇగ రేపటి సంది నేను పల్లెం పంప. నువ్వు గూడ పంపకు."

ఆమె గడప మీద కూలబడి పడీపడీ నవ్వింది.

"బతికిచ్చినవ్ ఆపా! నీ పల్లెం అస్తుందంటెనే నాకు గుండె దడ. రేపు ఏం జేసి పంపాల్నో అని, ఉపాసమున్న నీకన్న నాకే పరేషానుండె!"

"మరి ఒక్కనాడన్న చెప్పకపోతివి?"

"నువ్వు పాఠాలు చెప్పేదానివాయె. నీకు నేనేం చెప్పుదు?"

ఆ శుక్రవారం పాఠంలో నా తప్పు ఒప్పుకున్నాను. ఉపవాసం విప్పించడానికి ఒక ఖర్జూరమో, ఒక గుక్క నీళ్లో చాలునని చెప్పాను. పళ్లెం పంపితే మంచం పట్టిన వాళ్లుండే ఇంటికీ, వండే దిక్కులేని ఇంటికీ పంపుదామన్నాను. వెనక నుంచి ఒకామె, "అయితె నీ పెరుగు వడలు ఇగ రావా? గదొక్కటి బంద్ వెట్టకే తల్లీ!" అనేసరికి అందరూ నవ్వారు. అందరూ ఒప్పుకున్నారని చెప్పను. ఒక పెద్దామె చివరి రోజుదాకా పళ్లెం పంపుతూనే ఉంది. దాన్ని ఖాళీగా తిరిగి ఇచ్చిన ప్రతిసారీ నాకు తల వంగిపోయేది. అయినా ఇచ్చాను.

మా ఇఫ్తార్ ఖర్జూరం, పండ్లు, గంజికి వచ్చింది. అసర్ నుంచి మగ్రిబ్ దాకా అమ్మ ముందు కూర్చుని రోజుకు పారా, పారాన్నర చదివాను. తప్పు పలికితే ఆమె వేలు లేచేది. ఏళ్ల తర్వాత ఉపవాసం నాకు బరువుగా కాక తేలికగా తోచింది.

ఇరవై తొమ్మిదో సాయంత్రం నెలవంక కనబడింది. ఇంకొక పారా మిగిలింది. "నెల దాటిపోయింది అమ్మీ," అన్నాను, గ్రంథం మూస్తూ.

"అల్లా నెల జూసి వింటడా? రేపు చదువుదాం. పోయి పండుకో."

పండుగ పొద్దున మగవాళ్లంతా పండుగ నమాజుకు ఈద్గాకు పోయారు. ఏటా నేను ఆ వేళకు పాల గిన్నె ముందు చెమటలు కక్కుతూ ఉంటాను. ఈసారి గ్రంథం తెరిచాను. అమ్మ కొత్త చీర కొంగు తల మీదికి లాక్కుని, "ఇది నాకు నోటికొస్తది. నువ్విను," అంది.

ఆమె చదువుతుంటే నేను అక్షరాల మీద వేలు కదుపుతూ విన్నాను. మధ్యలో ఎదురింటామె పండుగ చెప్పడానికి వచ్చి గడప దగ్గర ఆగింది. కూర్చోమని సైగ చేశాను. ఆమెకు ఆ భాష తెలియదు, అయినా చివరిదాకా కూర్చుంది.

ఈద్గా నుంచి మావాళ్లు తిరిగొచ్చేసరికి పండుగ పాయసం షీర్ ఖుర్మా ఇంకా పొయ్యెక్కలేదు. పారా ముగించి, దువాలో దేవుణ్ణి వేడుకుంటూ అమ్మ రెండు చేతులూ చాచి ఉండటం చూసి, వాళ్లూ చప్పుడు చేయకుండా పక్కన కూర్చున్నారు.