ఆవగింజంత దీపం

దర్జీకి కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమది మందం, మిషను నడుస్తుంటే అదీ లేనట్టే. పాత ఫోను నెత్తిన ఆవగింజంత దీపం ఉండేది. వాళ్లక్క ఫోను చేస్తే, దర్జీ చూసేదాకా అది ఎర్రగా మినుకుతూనే ఉండేది. అది పాడయ్యాక అల్లుడు కొనిచ్చిన కొత్తదానికి వెనక మూడు కెమెరాలున్నాయి, ముందర దీపం లేదు. "ఇప్పుడెవరూ పెట్టట్లేదు మావయ్యా," అన్నాడు అల్లుడు, తప్పు తనదైనట్టు. "మూడు కళ్లిచ్చి చెవి కోసేశారన్నమాట," అని నవ్వాడు దర్జీ.

నిన్న చొక్కా కాలరు కుట్టి తలెత్తేసరికి అక్క నాలుగుసార్లు ఫోను చేసి ఉంది. కింద మెసేజీ: "పనిలో ఉన్నట్టున్నావు. ఇక విసిగించనులేరా." తిరిగి చేస్తే ఎత్తలేదు. ఇవాళ ఫోనును మిషనుకు ఆనించి పెట్టుకున్నాడు. ప్రతి కుట్టు చివరా కాలు ఆపి, నల్లటి అద్దాన్ని వేలితో తట్టి చూస్తాడు. ఏమీ ఉండదు. మళ్లీ తొక్కుతాడు.