నూట డెబ్బై వోల్టుల నాదం

భానుమూర్తి కూర్చునే కుర్చీ అతని తండ్రిది. మాటవరసకి అనడం కాదు, నిజంగానే ఆయనది. యాజులుగారు నర్సీపట్నం తాలూకా ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ, సర్వీసు ఇంకా మిగిలుండగానే ఒక వేసవిలో కన్నుమూస్తే ఆ ఉద్యోగం కొడుక్కి ఇచ్చారు. ఉద్యోగంతోపాటు బల్లా, కుర్చీ, పేము వదులైనచోట ఆయన వేసుకున్న దూది మెత్తా కూడా సంక్రమించాయి. ఊరంతా అదృష్టవంతుడంది. మెత్తలో తండ్రి కూర్చున్న గుంట అలాగే ఉంది. అందులో తన ఒళ్ళు సరిగ్గా సరిపోయిందని తెలిసిన రోజున భానుమూర్తికి భయమేసింది.

ఆ భయానికి అతనికి దొరికిన మందు నాలుగు లావు తీగల బాస్ గిటారు. విశాఖపట్నంలో కాలేజీకి వెళ్ళిన రోజుల్లో ఒక స్నేహితుడి దగ్గర వాయించడం పట్టుబడింది. పాటలో బాస్ అంటే చారులో ఇంగువ. ఉంటే ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మాత్రం ఏదో తక్కువైందంటారు. అలాంటి వాయిద్యం మీద మనసు పారేసుకున్నవాడికి చప్పట్ల మీద ఆశ ఉండదు. ఆ బరువైన మోత పొట్టలోకి దిగుతుంటే తను ఎక్కడున్నాడో మరిచిపోతాడు, అంతే. అతనికి కావలసింది కూడా అదే.

గిటారు కొనడానికి ఆఫీసుకి సెలవు పెట్టి విశాఖపట్నం వెళ్ళాడు. రేవు దగ్గర పాత సామాన్ల కొట్టులో ఓడల వాళ్ళు అమ్ముకుపోయినవి రెండు ఉన్నాయి. ఒకటి ఎర్రగా, కొత్త పెళ్ళికొడుకులా నిగనిగలాడుతోంది. రెండోదానికి రంగు పెచ్చులూడిపోయి, మెడ వంగిపోయి ఉంది. భానుమూర్తి రెండిటినీ వైర్లు తగిలించకుండానే చెవికి ఆనించుకుని ఒక్కొక్క తీగా మీటాడు. ఎర్రదాని మోత చెక్క పైపైన తిరిగి ఆగిపోయింది. పాతదాని మోత దవడ ఎముకలోకి దిగి అక్కడే ఉండిపోయింది. కరెంటు లేకుండా మోగనిది కరెంటు పెట్టినా మోగదని అతని సిద్ధాంతం. పాతదాన్నే తెచ్చుకున్నాడు. బస్టాండులో ఎదురైన మైకుసెట్ల కొండబాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి పంతులుగారూ, నాలుగే తీగలా? మిగతా రెండూ తెగిపోనాయా?" అని పరామర్శించాడు.

దాన్ని బాగుచేయడానికి ఓ వర్షాకాలం పట్టింది. వంగిన మెడ నిటారు కావాలంటే లోపలుండే ఇనుప కడ్డీని బిగించాలి, ఒక్కసారిగా బిగిస్తే చెక్క పగిలిపోతుంది. అందుకని వారానికో పావు చుట్టు బిగించి వదిలేసేవాడు. మెట్లు అరిగిపోయి తీగలు జిర్రుమంటుంటే నూరుడు రాయితో సమం చేశాడు. బొడిపెలు తిప్పినప్పుడల్లా గరగరమంటే పెట్రోలు చుక్కలు వేసి కడిగాడు. కొత్త తీగలు మద్రాసులో తప్ప దొరకవు గనక పాతవాటినే నీళ్ళలో మరిగించాడు. మరిగిస్తే తీగ చుట్ల మధ్య ఇరుక్కున్న జిడ్డంతా వదిలి తీగకి మళ్ళీ ప్రాణం వస్తుంది. అయితే ఆ మరిగించినది తల్లి కామేశ్వరమ్మగారి పప్పుగిన్నెలో. ఆవిడ మూత తీసి చూసి, మూత పెట్టేసి, ఆ గిన్నెని పెరట్లో తులసికోటకి దూరంగా బోర్లించారు. మళ్ళీ అది వంటింటి గడప తొక్కలేదు.

గిటారు ఒక్కటే ఉంటే చాలదు కదా. ఆంప్లిఫయరు కావాలి. చుట్టుపక్కల ఊళ్ళలో డేరా వేసి బొమ్మలాడించే టూరింగు టాకీసు ఒకటి మూతపడితే, దాని వాల్వుల ఆంప్లిఫయరు కొండబాబు కొన్నాడు. అది గంగాళమంత బరువు. వేడెక్కి పలకడానికి నిమిషం పడుతుంది. ట్రాన్సిస్టరు సెట్లు వచ్చాక దాన్ని మోసేవాడు లేక భానుమూర్తికి ఇచ్చేశాడు. భానుమూర్తి అప్పటికే సాయంత్రాలు ఇరుగుపొరుగు రేడియోలు బాగుచేసిపెడుతుండేవాడు. ఇంట్లో అతని బల్ల మీద సిరీసు బోర్డు ఒకటి ఎప్పుడూ ఉండేది. చెడిపోయిన రేడియోని నేరుగా కరెంటుకి తగిలిస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది గనక, మధ్యలో ఒక బల్బు పెట్టి దాని గుండా పంపిస్తారు. వోల్టేజిలో కొంత ఆ బల్బు మింగేసి, మిగతాదే రేడియోకి పోనిస్తుంది.

ఇక కరెంటు సంగతి. గొలుగొండ, రావికమతం వైపు చెరకు గానుగలు మొదలయ్యాయంటే నర్సీపట్నంలో దీపాలు పండుమిరపకాయల్లా ఎర్రబడిపోయేవి. రెండొందల ముప్పై ఉండాల్సిన వోల్టేజి నూట డెబ్బైకి పడిపోయేది. వానాకాలంలోనైతే గాలివానకి కరెంటే నిలిచేది కాదు, నిండుగా వచ్చిన రోజు ఊరెరగదు. ఆ కాస్త కరెంటుతోనే ఆంప్లిఫయరు పనిచేసేది. కానీ ఎంత పెంచినా ఉరమదు. మీటగానే మోత ఒక్క క్షణం వెనక్కి తగ్గి, ఊపిరి తీసుకున్నట్టు పొంగి, మెత్తగా పరుచుకునేది. బాగుందని అందరూ అనేవారు. భానుమూర్తి మాత్రం ఊరుకునేవాడు కాదు. "ఈ కుంటి కరెంటుతోనే ఇలా ఉంటే, నిండు కరెంటు పడితే ఎలా ఉంటుందో" అనేవాడు. ఆంప్లిఫయరు గురించి అంటున్నాడో, తన గురించి అంటున్నాడో భార్య వర్ధనమ్మకి తెలుసు.

ఒక మాఘమాసంలో కోటవురట్లలో పెళ్ళికి వాయించాడు. మగపెళ్ళివారి తరఫున విశాఖపట్నం నుంచి ఆర్కెస్ట్రా నడిపే మత్స్యలింగం మాస్టారు వచ్చి ఉన్నాడు. ఆయన భోజనాల పంక్తిలోంచి లేచి, చెయ్యి కడుక్కోకుండానే స్పీకరు ముందుకొచ్చి నిలబడ్డాడు. పాట అయ్యేదాకా కదల్లేదు. శ్రీరామనవమి పందిళ్ళ ముందు ఒకసారి విశాఖపట్నంలో తాము సాధన చేసే హాలుకి రమ్మనీ, అక్కడి వాళ్ళకీ ఈ శబ్దం నచ్చితే తన దగ్గరే ఉండిపోవచ్చుననీ చెప్పాడు. ఒరిస్సా నుంచి మద్రాసు దాకా ఏడాది పొడుగునా ప్రోగ్రాములు. ఉద్యోగం వదిలేయొచ్చు.

కామేశ్వరమ్మగారు సర్కారు ఉద్యోగం వదిలేవాణ్ణి ఏమనాలో అవన్నీ అన్నారు. వర్ధనమ్మ మాత్రం అత్తగారు పూజలో ఉన్నప్పుడు, "వెళ్ళండి. ఆ కుర్చీలోంచి మీరు లేస్తే నాకదే చాలు" అంది.

భానుమూర్తి బస్సు మీద ఆంప్లిఫయరు కట్టించుకుని వెళ్ళాడు. హాల్లో ట్యూబులైట్లు పాలు పోసినట్టు తెల్లగా వెలుగుతున్నాయి. ఆ వెలుగు చూసే అతని ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళకి నిండు కరెంటు. స్విచ్చి వేశాడు, నిమిషం ఆగాడు, మీటాడు.

మోత వచ్చింది. గట్టిగా వచ్చింది. గోడకి మేకు కొట్టినట్టు సూటిగా వచ్చి, అక్కడితో ఆగింది. వెనక్కి తగ్గడమూ లేదు, పొంగడమూ లేదు. వంకపెట్టడానికేమీ లేని శబ్దం. ఏ ఊళ్ళోనైనా, ఎవరి చేతనైనా పలికే శబ్దం. భానుమూర్తి బొడిపెలు తిప్పాడు, తీగలు సవరించాడు, వాల్వులు ఊడదీసి మళ్ళీ గుచ్చాడు. చెమటకి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మూడు పాటలు విన్నాక మత్స్యలింగం మాస్టారు వచ్చి అతని భుజమ్మీద చెయ్యి వేశాడు.

"సెప్తే బాదపడకండి. తప్పేటీ లేదు, బాగానే వాయించారు. కానీ నానక్కడ ఇన్నది ఇది కాదండి."

ఆయన బస్టాండు దాకా వచ్చి మరీ సాగనంపాడు. మంచివాడు కావడంతో కోపగించుకునే సుఖం కూడా లేకపోయింది.

ఇంటికొచ్చి, దీపాలు ఎర్రబడ్డ వేళకి ఆంప్లిఫయరు తగిలించి మీటాడు. మెత్తగా, పొంగుతూ, ఎప్పటి నాదం అప్పటిలాగే పలికింది. అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళుగా తను తిట్టుకున్న ఆ కుంటి కరెంటే ఆ నాదానికి తల్లి. వాల్వులకి చాలీచాలని తిండి పెట్టడం వల్లే అవి అంత ఓపిగ్గా పాడాయి. ఈ శబ్దం ఊరి పొలిమేర దాటదు. అది దాటనప్పుడు తనెక్కడికి పోతాడు? వర్ధనమ్మ ఏమైందని అడిగితే, తీసుకోలేదని మాత్రం చెప్పాడు. సోమవారం పొద్దున్న మెత్త మీద కూర్చున్నాడు.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయంటే గడిచాయి. కామేశ్వరమ్మగారు పోయారు. తాలూకా ఆఫీసు బోర్డు పీకేసి మండలం బోర్డు పెట్టారు, కుర్చీ మాత్రం మారలేదు. చెరకు గానుగల రోజుల్లో పెళ్ళిళ్ళకి వాయించేవాడు, వానాకాలంలో గిటారు ముట్టేవాడు కాదు. బయటూళ్ళ పిలుపు వస్తే ఒంట్లో బాగాలేదనేవాడు. విశాఖపట్నం బస్సు ఎదురైతే మొహం తిప్పుకునేవాడు. కట్టేసిన గేదెకి ఆ తాడు పొడుగెంతో తెలిసినట్టు, ఏ నెలలో ఎంతదూరం తిరగొచ్చో అతనికి బాగా తెలిసింది.

అంతలో ఊరికి కొత్త సబ్‌స్టేషను వచ్చింది. ఊరంతా పండగ చేసుకుంది. గానుగలు ఆడుతున్నా దీపాలు తెల్లగానే వెలుగుతున్నాయి, ఫ్యాన్లు ఎగిరిపోయేలా తిరుగుతున్నాయి. కొండబాబు ఇంటింటికీ బూందీ పంచాడు. భానుమూర్తి తలుపు వేసుకుని గిటారు మీటి చూశాడు. విశాఖపట్నం హాల్లో పలికిన మేకు శబ్దమే పలికింది. ఏ నాదం కోసం ఈ ఊళ్ళో పడి ఉన్నాననుకున్నాడో అది వెళ్ళిపోయింది, తను మిగిలిపోయాడు. గిటారుకి దుప్పటి చుట్టి అటక ఎక్కించాడు.

ఆంప్లిఫయరు ఏడాదిపాటు మూల పడి ఉంది. ఒక భజన మందిరం వాళ్ళు అడిగితే ఇచ్చేద్దామని, ఇచ్చేముందు ఒకసారి పరీక్షించడానికి బల్ల మీద పెట్టాడు. ఇంతకాలం వాడనిదాన్ని నేరుగా తగిలించకూడదు. అలవాటు ప్రకారం సిరీసు బోర్డుకి తగిలించాడు. ఇంత పెద్ద యంత్రానికి రేడియోలకి వాడే చిన్న బల్బు సరిపోదని పెద్ద బల్బు బిగించాడు. బల్బు ఎర్రగా, పండుమిరపకాయలా వెలిగింది. శబ్దం వస్తోందో లేదో చూడాలి గదా అని అటక మీంచి గిటారు దించి, బరువు తీగ ఒక్కటి మీటాడు.

మోత వెనక్కి తగ్గింది. ఊపిరి తీసుకుంది. పొంగి, గదంతా పరుచుకుంది.

భానుమూర్తి చెయ్యి తీగ మీదే ఉండిపోయింది. వంటింట్లో దోసకాయ తరుగుతున్న వర్ధనమ్మ కత్తి అలాగే పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇన్నాళ్ళకి మళ్ళీ ఎలా వచ్చిందని అడిగింది. అతను బల్బు చూపించాడు. నిండు కరెంటులో కొంత అది మింగేస్తోందనీ, మిగిలింది పాత రోజుల్లో మనకి వచ్చినంతేననీ నింపాదిగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. ఆ బోర్డు తన పెళ్ళికి ముందు నుంచీ ఆ బల్ల మీదే ఉందని ఆవిడకీ తెలుసు. ఎత్తిపొడవాలని కాదు, నిజంగా తెలియకే అడిగింది.

"విశాఖపట్నంలో బల్బులు దొరకవాండీ?"

భానుమూర్తి చెయ్యి చాపి స్విచ్చి తీసేశాడు. మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే ఆఫీసుకి వెళ్ళి మెత్త మీద కూర్చున్నాడు.